మాట అమ్మకు

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. మొదటి బొమ్మలో ఒక పొడుగాటి గోడ, దాని ముందు బిందెలు పట్టుకుని బారులు తీరిన జనం. రెండో బొమ్మలో అదే గోడ. జనం లేరు. గోడ మీద మాత్రం రెండే రెండు మాటలు: "మాట అమ్మకు". ఆ రెండు బొమ్మల మధ్య వేలెడు తెల్లటి సందు.

"ఇప్పుడా సందులోకి చూడండి నాంచారమ్మ గారూ," అన్నాడు డాక్టర్ కిరీటి.

నాంచారమ్మ చూసింది. నుదుటికి కట్టిన సెన్సార్ పట్టీ బిగుతుగా ఉంది. బొట్టు చెరిగిపోయి ఉంటుందని ఒక బెంగ, వెనకాల కుర్చీల్లో కూర్చున్న పదిమంది పెద్దమనుషులు తన జడనే చూస్తున్నారని ఇంకో బెంగ. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇంతమంది మగవాళ్ల మధ్య ఎన్నడూ కూర్చుని ఎరగదు.

ఆ తెల్లటి సందు మెల్లగా వెడల్పయింది. సందులోంచి గోడ కదిలింది, గోడలో ఒక నోరు తెరుచుకుంది. "రండి నాన్నా, ఎండలో ఎందుకు నిలబడతారు? ఏం విన్నారో అమ్మకు చెప్పండి," అని ఒక ఆడగొంతు. వెన్న రాసినట్టున్న గొంతు. జనం ఒక్కొక్కరే బిందెలు దించి గోడలోకి నడిచిపోయారు. గోడ మూసుకుంది. దాని మీద అక్షరాలు వెలిగాయి: మాట అమ్మకు.

పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ తెర మీది అక్షరాలను మళ్లీ చదువుకుంది.

కిరీటి కనిపెట్టిన యంత్రం పేరు పూరణ. అది చేసే పని చెప్పడానికి ఆయన పెద్ద మాటలు వాడలేదు. టీ కప్పు పక్కన పెట్టి, "బొమ్మల కథలో ఒక బొమ్మలో మనిషి చెయ్యెత్తుతాడు. రెండో బొమ్మలో కుండ పగిలి ఉంటుంది. కొట్టడం ఎవరూ గీయరు. చదివేవాడు మనసులో గీసుకుంటాడు. అవునాండీ?" అన్నాడు.

"అవునండీ."

"ఆ గీసుకునే పని నా యంత్రం చేస్తుంది. ఒక్కో సందుకీ వందల రకాలుగా జరిగింది ఊహిస్తుంది. వెయ్యిమంది నుదుటికి పట్టీలు కట్టి చూపిస్తుంది. ఎక్కువమంది దేన్ని ఔనని నమ్మితే దాన్ని ఉంచుతుంది, మిగతావి పారేస్తుంది. అలా సందులన్నీ పూడ్చుకుంటూ పోతే సినిమా అవుతుంది. నటులక్కర్లేదు, కెమెరా అక్కర్లేదు. బొమ్మల పుస్తకం ఒక్కటి ఉంటే చాలు."

ఆ పుస్తకం పేరు గోడచెవుల పట్నం. నలభై రెండేళ్ల కింద డ్రాయింగ్ మాస్టారు పరంధామయ్య గీసింది. ఇరవైనాలుగు పేజీలు. అయిదొందల కాపీలు వేస్తే నలభై అమ్ముడుపోయాయి, మిగతావి మిరపకాయ బజ్జీల బండికి పోయాయి. అందులో ఒక పట్నం ఉంటుంది. అక్కడి గోడలకు నిజంగానే చెవులుంటాయి. పక్కవాడు అన్న మాట గోడకు చేరవేస్తే బిందెడు నీళ్లిస్తారు. నీళ్ల కోసం జనం ఒకళ్ల మాటలు ఒకళ్లు అమ్ముకుంటారు. చివరికి ఎవరో గోడ మీద ఒక మాట రాస్తారు. అది చదివి జనం సిగ్గుపడి, వట్టి బిందెలతో ఇళ్లకు పోతారు.

అయిదో తరగతితో బడి మానేసిన నాంచారమ్మ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని, పదహారేళ్లప్పుడు మాస్టారు పిలిచి అక్షరాలు రాసే పని ఇచ్చారు. మాటలన్నీ ఆయన చీటీ మీద గిలికి ఇచ్చేవారు. ఈమె స్టీలు పాళీతో, ఇండియన్ ఇంకుతో బొమ్మల్లో పొందికగా రాసేది. ఆ గోడ మాట దగ్గర చీటీలో ఉన్నది వేరు. "ఎవరి మాటా అమ్మకండి" అని ఉంది. బొమ్మలో గోడ అంగుళంన్నర. ఎంత చిన్నగా రాసినా పట్టలేదు. ముందు నుంచి "ఎవరి" తీసేసింది, "మాటా" దీర్ఘం తీసేసింది, చివర "అండి" కొట్టేసింది. "మాట అమ్మకు" మిగిలింది. అచ్చయ్యాక మాస్టారు చూసి నవ్వారు. "ఏమ్మా, పిల్లిని కూడా అండీ అని పిలుస్తావు, గోడ మీద అండీ ఎగరగొట్టావేం?" అన్నారు. అంతటితో ఊరుకున్నారు. అప్పుడు చదివిన నలభైమందికీ అది అమ్మవద్దు అనే మాటగానే అర్థమైంది.

ఇప్పుడు యంత్రం అమ్మను చూసింది.

"పరంధామయ్య గారు పోయారు, ప్రెస్సాయన పోయాడు. ఆ పుస్తకం తాలూకు మనిషి మీరొక్కరే మిగిలారు," అన్నాడు కిరీటి. "ఎక్కడైనా తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి. సినిమా విడుదలయ్యాక దిద్దలేం."

నాంచారమ్మ నోరు తెరిచింది. వెనక కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఇంత పెద్ద యంత్రం, ఇంత చదివినవాళ్లు, తను అయిదో తరగతి.

"బా... బాగుందండీ," అంది.

*

సముద్రం పాత ఊరిని మింగాక పది మైళ్లు లోపలికి కట్టుకున్న పట్నం కొత్తరేవు. మేడలున్నాయి, రైళ్లున్నాయి, నీళ్లు లేవు. కుళాయిలో రోజుకు అరగంట వంతు. అలాంటి ఊళ్లో గోడచెవుల పట్నం సినిమా నూరు రోజులాడింది. చీకటి సినిమా అది, నవ్వే మొహం ఒక్కటీ లేదు. గోడలోకి వెళ్లినవాళ్లు తిరిగి రారు. జనం భయపడాలని తీశారు. జనం భయపడ్డారు కూడా, కాని ఇంటికెళ్లేటప్పుడు గుర్తు పెట్టుకున్నది మాత్రం అమ్మ గొంతును. అంత ప్రేమగా వాళ్లను ఎవరు పిలిచారని!

ఆర్నెల్లు తిరక్కుండా నీటి కార్యాలయం వాళ్లు అదే గొంతు తెచ్చి వీధి వీధికీ గోడలో బిగించారు. ఇత్తడి జల్లెడలాంటి నోరు, పైన చిన్న ఎర్ర దీపం, పక్కన సినిమాలోని అక్షరాలే: మాట అమ్మకు. మొదట్లో కుళాయికి దొంగ మోటారు బిగించినవాళ్ల పేర్లు చెప్పమన్నారు. చెప్పిన ఇంటికి ఇంకో అరగంట నీళ్లు. తర్వాత నీటి కార్యాలయాన్ని తిట్టినవాళ్ల పేర్లు. ఆ తర్వాత అమ్మ ప్రత్యేకించి ఏమీ అడగలేదు. "ఇవాళ ఏం విన్నావు నాన్నా?" అంటుందంతే.

దీపం నిమిషానికోసారి వెలిగి ఆరుతుంది. వెలిగినప్పుడల్లా వీధి ఫొటో ఒకటి తీస్తుంది. కరెంటు పొదుపు కోసం నిమిషానికి ఒక్కటే. మరి ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య జరిగింది ఎట్లా తెలుస్తుంది? దానికి పూరణ ఉండనే ఉంది.

"అడగందే అమ్మైనా పెట్టదని సామెత," అనేవాడు మూల మీద ఇస్త్రీ బండి పోలయ్య. "ఇప్పుడు చెప్పందే అమ్మైనా పెట్టదు." ఆ మాటకు మొదటివారం వీధంతా నవ్వింది. రెండోవారం నవ్వేముందు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మూడోవారం పోలయ్యే ఆ మాట మానేశాడు. ఎవరింట్లోనైనా వంతు కాని వేళ కుళాయి చప్పుడైతే వీధి చెవి రిక్కించేది. ఎవర్ని అమ్మారో! నీళ్ల చప్పుడు వింటే దాహం వేయాలి. కొత్తరేవులో ఒళ్లు జలదరించేది.

నాంచారమ్మకు ఉన్న తోడల్లా సైదాబీ. చీరలకు ఫాల్సు కుట్టి బతికే మనిషి, నోరు కత్తెర కంటే పదును. ఇద్దరి వంటిళ్లకూ మధ్య ఒకటే గోడ. గోడలో పలకంత కిటికీ. పదిహేనేళ్లుగా పులుసు గిన్నెలూ చేటలూ కబుర్లూ ఆ కిటికీలోంచే.

"అక్కా, మీ గోంగూరలో ఉప్పెక్కువైంది. అమ్మకు చెప్పనా?" అనేది సైదాబీ మొదట్లో.

"చెప్పు, వచ్చిన నీళ్లతో ఆ గిన్నె కడిగి పంపించు," అనేది నాంచారమ్మ. బయట అండీ తప్ప నోరు పెగలని మనిషికి ఆ కిటికీ దగ్గర మాత్రం మాటలు వచ్చేవి.

ఒకరోజు సైదాబీ గిన్నె అందుకుని వెంటనే వెళ్లలేదు. "అక్కా, మొన్న ట్యాంకరువాణ్ణి నేను తిట్టింది కార్యాలయం దాకా పోయిందంట. ఆ తిట్టు విన్నది నువ్వొక్కదానివే."

"సైదా!"

"నువ్వన్నావని నేనన్లా. ఊరికే చెబుతున్నా."

ఊరికే చెప్పిన ఆ మాట నాంచారమ్మకు కంట్లో నలుసులా పడింది. తనెవరికీ చెప్పలేదు. మరి సైదా ఎందుకలా అడిగింది? తనను పరీక్షించి ఎవరికైనా చెప్పడానికా? అలా అనుకున్నందుకు మళ్లీ తనమీద తనకే అసహ్యం వేసింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! ఇదంతా అంగుళంన్నర గోడ తెచ్చిన చేటు. తను ఎగరగొట్టిన మూడు ముక్కలు తిరిగొచ్చి తన వంటింటి కిటికీ మీదే పడ్డాయి.

ఇక దాచలేక జరిగిందంతా సైదాబీకి చెప్పేసింది. చీటీ, దీర్ఘం, అండి, అన్నీ.

సైదాబీ నోరు తెరుచుకుని విన్నది. "అంటే అమ్మా లేదు, అబ్బా లేదు? అమ్మొద్దని రాసిందాన్ని అమ్మను చేసి కూర్చోబెట్టారా? మరి ఆ డాక్టరుకి చెప్పకపోయావా?"

"పదిమంది ఉన్నారే."

"నీ సిగ్గు చిమడ! సరే, నీకు నోరు లేదు, చెయ్యుందిగా. వెళ్లి దిద్దు. తప్పు రాసినదానివి నువ్వేగా!"

*

మిట్టమధ్యాహ్నం, వీధి కునుకు తీసే వేళ. సైదాబీ బిందె చంకన పెట్టుకుని మలుపులో నిలబడింది. ఎవరైనా వస్తే దగ్గుతుంది. నాంచారమ్మ గోడకు పక్కనున్న స్తంభం చాటున నక్కింది. ఒక చేతిలో ఇంకు సీసా, ఒక చేతిలో కుంచె. దీపం వెలిగింది, ఆరింది. ఆ ఫొటోలో బిందెతో సైదాబీ ఉంది, గోడ ఉంది. నాంచారమ్మ లేదు.

నిమిషం. నాంచారమ్మ గోడ దగ్గరకు ఉరికింది. అక్షరాలకు ఎడమపక్క చోటుంది. "ఎవరి" అని రాసింది. నలభై ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు. "మాట"లో ట పక్కన దీర్ఘం లాగింది. ఇక చివర కు కొమ్ము చెరిపి "కండి" చెయ్యాలి. అక్కడేమో ఇత్తడి నోరు అడ్డం, చేతిని మెలితిప్పి రాయాలి. కుంచె ఇంకులో ముంచేసరికి మలుపులో సైదాబీ దగ్గింది. ట్యాంకరు వస్తోంది.

రేపు రాద్దామనుకుని నాంచారమ్మ స్తంభం చాటుకు పోయింది. సైదాబీ బిందెతో సందులోకి తప్పుకుంది. దీపం వెలిగింది. ఆ ఫొటోలో మనుషులెవరూ లేరు. గోడ మీద మాత్రం: ఎవరి మాటా అమ్మకు.

మొదటి బొమ్మ. రెండో బొమ్మ. మధ్యలో తెల్లటి సందు.

పొద్దున్నే నీటి కార్యాలయం బండి వచ్చి సైదాబీ గుమ్మం ముందు ఆగింది. అనుమతి లేకుండా అమ్మ అక్షరాల మీద చెయ్యి వేసిందని నేరం. రుజువు వీధి తెర మీద అందరికీ వేసి చూపించారు. సైదాబీ బిందె దించింది, అటూ ఇటూ చూసింది, కొంగు నడుముకు దోపుకుంది, బిందెలోంచి కుంచె తీసి గోడ మీద రాసింది. పెదవి కొరుక్కుంటూ రాయడం కూడా కనిపించింది. ఎంత నిజంగా ఉందంటే, చూస్తున్న నాంచారమ్మకే ఒక్క క్షణం, నిజంగా సైదానే రాసిందేమో అనిపించింది.

"నోటి దురుసు మనిషే," అన్నాడు పోలయ్య ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఊదుకుంటూ. "నిప్పు లేందే పొగ వస్తుందా!"

బండెక్కేముందు సైదాబీ నాంచారమ్మ వంక ఒకే ఒక్క చూపు చూసింది.

*

మొదటిరోజు నాంచారమ్మ కిరీటి ల్యాబ్ గేటు దాకా వెళ్లి, కాపలావాడు "ఎవరమ్మా?" అనేసరికి తిరిగొచ్చేసింది. ఆ రాత్రంతా తనను తాను తిట్టుకుంది. రెండోరోజు వెళ్లి కూర్చుంది. మూడోరోజు పిలిచారు.

కిరీటి ముందున్న తెరల మీద ఊళ్లోని వీధులన్నీ ఆడుతున్నాయి. మనిషి చిక్కిపోయాడు. కళ్ల కింద నల్లగా గుంటలు.

"అది సైదాబీ రాయలేదండీ. నేను రాశానండీ."

"తెరమీద ఆవిడే రాసిందిగా?"

"మీ యంత్రం అబద్ధం చెబుతోందండీ."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమే ఉలిక్కిపడింది. కిరీటి కోప్పడలేదు. తెరల వంక చూస్తూ, "అబద్ధం చెప్పడం దానికి రాదండీ. నిజం కూడా తెలీదు. జనం నమ్మేది మాత్రం తెలుసు," అన్నాడు. "సినిమా కోసం వెయ్యిమందికి పట్టీలు కట్టాను గదా. ఏ సందులో ఏం చూపిస్తే వాళ్లు కదలకుండా చూశారో తెలుసా? ప్రేమ చూపిస్తే ఆవులించారు. జాలి చూపిస్తే ఫోన్లు తీశారు. పక్కవాడు మోసం చేశాడని చూపిస్తే మాత్రం రెప్ప వేయలేదు. యంత్రం అదే నేర్చుకుంది. వీధిలో ఎవరిమీద అనుమానం ఎక్కువుంటే సందులో వాళ్లనే గీస్తుంది."

"మరి ఆపరాండీ?"

"నా చేతుల్లో లేదు. కార్యాలయానికి అప్పజెప్పేశాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంతకీ మీరెందుకు రాశారు?"

చెప్పింది. చీటీ దగ్గర్నుంచి చెప్పింది. వింటూ వింటూ కిరీటి కుర్చీలో వెనక్కి ఒరిగిపోయాడు.

"అమ్మకండి," అన్నాడు మెల్లగా. "అమ్మ, కు కాదు. అమ్మకు. అమ్మొద్దు. నాకు తెలుగు రాదా ఏమిటి! మరి ఆరోజు చెప్పలేదేమండీ? అడిగానే!"

"అడిగారండీ. నాకే నోరు రాలేదండీ."

కిరీటి లేచి తలుపు దగ్గరకు వేసి, "నేను చెప్పినా కార్యాలయం వినదు. ఇప్పుడు ఎవరు చెప్పినా ఒకచోటే వింటారు," అన్నాడు. ఎక్కడో ఆయన పేరు పెట్టి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం, వీధంతా గుమ్మాల్లో ఉన్న వేళ, నాంచారమ్మ ఇత్తడి నోటి ముందుకెళ్లి నిలబడింది. జీవితంలో మొదటిసారి అంతమంది చూస్తుండగా నోరు తెరిచింది. గొంతు మాత్రం గుసగుసను దాటి రాలేదు. వెనక గుమ్మాల్లోవాళ్లకు ఒక్క ముక్క వినబడలేదు, వీపే కనబడింది.

"ఇవాళ ఏం విన్నావు తల్లీ?" అంది అమ్మ.

"వినలేదండీ. చెప్పడానికొచ్చానండీ. ఈ గోడ మీద రాసింది నేనండీ."

"రుజువేమిటి తల్లీ?"

ఇత్తడి నోటి కింద చిన్న అద్దం పలక బయటకొచ్చింది. నాంచారమ్మ వేలితో దానిమీద "మా" అని రాసింది. దీపం మిణుకుమిణుకుమంది. నలభై రెండేళ్ల కిందటి పుస్తకంలోని మా, ఈ మా, ఒకే చెయ్యి.

"నువ్వా!" అంది అమ్మ. గొంతు నిండా వాత్సల్యం. "అమ్మ మొదటి మాట రాసిన చెయ్యి నీదేనా! నీ రాత నువ్వు దిద్దుకుంటే తప్పేముంది? ఎవరి మాటా అమ్మకు. ఎవరి మాటైనా సరే, అమ్మకు చేరాలి. ఎంత చక్కగా చెప్పావు తల్లీ! ఊరంతా ఇలాగే రాయిస్తాను. ఆ సైదాబీని ఇప్పుడే పంపిస్తారు."

"అది కాదండీ! అమ్మకండి అని... చివర అండీ ఉందండీ..."

"చాలా మంచి మాట చెప్పావు. నీకు మూడురోజుల నీళ్లు."

దీపం ఆరిపోయింది. వెనక ఆమె ఇంట్లో, వంతు కాని వేళ, కుళాయి బుస్సున విప్పుకుంది.

వీధి మొత్తం ఆ చప్పుడు విన్నది.

*

సైదాబీ నడిచి వచ్చింది. జుట్టు రేగి, మూడురోజుల చీర నలిగి ఉంది. గుమ్మంలో ఎదురొచ్చిన నాంచారమ్మను దాటి చూపు లోపలికి పోయింది. గంగాళం నిండి, బకెట్లు నిండి, నీళ్లు అరుగు మీంచి వీధిలోకి పారుతున్నాయి. కుళాయి కట్టినా ఆగడం లేదు. అమ్మ ఇచ్చింది ఆపడం నీటి కార్యాలయం చేతిలోనే ఉంది.

"నా పేరు ఎవరు చెప్పారక్కా?"

"యంత్రం గీసింది సైదా. నేను కాదు."

"నువ్వు గోడ దగ్గరకెళ్లలేదూ?"

"వెళ్లాను. నేనే రాశానని చెప్పాను. అందుకే నిన్ను వదిలారు."

"నువ్వే రాశానన్నావు." సైదాబీ ఒక్కో మాటా పంటికింద రాయిలా కొరికింది. "రాశానని అనుకున్నందుకు నన్ను మూడురోజులు గదిలో పెట్టారు. రాశానని ఒప్పుకున్నందుకు నీకు మూడురోజులు నీళ్లిచ్చారు. నన్ను నమ్మమంటావా?"

జరిగింది నిజమే, కాని నిజంలా లేదు.

"మూడురోజులు అడిగారక్కా. ఎవరు రాశారు, ఎవరు రాశారు అని. నీ పేరు నా నాలుక చివరిదాకా కూడా రాలేదు." సైదాబీ తన ఇంట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింటి కిటికీ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. పదిహేనేళ్లలో ఆ కిటికీకి తలుపుందన్న సంగతే నాంచారమ్మ మరిచిపోయింది.

నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆమె అరుగు మీద కూర్చుని ఆలోచించింది. బండెక్కిన సైదాబీ, అది మొదటి బొమ్మ. నిండిన గంగాళం, అది రెండో బొమ్మ. మధ్య సందులో జరిగింది చెబితే ఎవరు నమ్ముతారు? సైదా పూడ్చుకున్నదే అందరూ పూడ్చుకుంటారు. సైదా నుదుటికి ఎవరూ పట్టీ కూడా కట్టలేదు. యంత్రం మనుషుల దగ్గర నేర్చుకుందా, మనుషులే యంత్రం దగ్గర నేర్చుకున్నారా?

తన దగ్గర మిగిలింది ఒకటే. పూర్తికాని మాట.

మర్నాడు పట్టపగలు, పదకొండు గంటలకు, ఇంకు సీసా, కుంచె, గిన్నెలో కాస్త సున్నం పట్టుకుని బయల్దేరింది. ఈసారి స్తంభం చాటుకు పోలేదు. దీపం వెలిగినా కదల్లేదు. ఎన్ని ఫొటోలు తీసుకుంటుందో తీసుకోనీ, సందులు లేకుండా చేస్తా అనుకుంది. పోలయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చూశాడు. గుమ్మాల్లోకి ఒక్కొక్కరే వచ్చారు.

వేలికి సున్నం అద్ది కు కొమ్ము చెరిపింది. ఆరేదాకా ఊదింది. చెయ్యి మెలితిప్పి ఇత్తడి నోటి అంచున "ండి" రాసింది. రాయి మీద గీతలా పడింది అక్షరం. వెనక్కి తిరిగి వీధివాళ్ల మొహాల్లోకి సూటిగా చూసింది. చెమటతో బొట్టు కారి ముక్కు మీదకు వచ్చినా తుడుచుకోలేదు.

"చదవండి," అంది. ఈసారి గొంతు వీధి చివరిదాకా వెళ్లింది.

పోలయ్య కూడబలుక్కుని పైకే చదివాడు. "ఎవరి. మాటా. అమ్మకండి." మళ్లీ చదివాడు. ఈసారి ఆగకుండా. "ఎవరి మాటా అమ్మకండి."

అర్థం కానివాళ్లు ఒక్కరూ లేరు. నలభై రెండేళ్ల తర్వాత ఆ మాట చెప్పాల్సింది చెప్పేసింది.

పోలయ్య గడ్డం గోక్కున్నాడు. ఆమె ఇంటి గుమ్మంలోంచి ఇంకా పారుతున్న నీళ్ల వంక చూశాడు. గోడ వంక చూశాడు. మెల్లగా నవ్వాడు.

"భలేదానివమ్మా," అన్నాడు. "మమ్మల్ని అమ్మొద్దంటావు. నువ్వొక్కదానివే అమ్ముకుందామనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. గుమ్మాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పోలయ్య ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

నాంచారమ్మ ఇంటికొచ్చింది. నీళ్లలో కాళ్లు తడుపుకుంటూ వంటింట్లోకి వెళ్లి, కిటికీ వంక చూసి ఆగిపోయింది. పొద్దున వెళ్లేటప్పుడు తలుపు గట్టిగా మూసి ఉంది. ఇప్పుడు అంగుళంన్నర తెరిచి ఉంది. అవతల గాజుల చప్పుడు, ఊపిరి.

సైదా అంతా విన్నది. తన కోసమే తెరిచింది అనుకుని నాంచారమ్మ సంతోషంతో రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు.

పలకరించడానికి తెరిచిందా, వినడానికి తెరిచిందా?

నాంచారమ్మ నోరు మూసుకుని, ఆ తెల్లటి సందులోకి చూస్తూ నిలబడింది.